పొలిమేర కావల కనీస కూలి

సిరుగుప్ప ప్రాంతమున తుంగభద్ర కాలువలకు నీరు రాగానే వరినాట్లకు కూలిజనము కావలసియుండును. తూర్పున ఆలూరు, ఆదోని మెట్టపల్లెలలో వానలు తప్పిన యేట పనియే దొరకదు. అట్టి పల్లెలవారు పొలిమేర దాటి నీరున్న మళ్లకు పోవుట సహజమే. 1953 అక్టోబరు 1వ తేదీకి పూర్వము ఈ తాలూకాలన్నియు మద్రాసు రాష్ట్రమున నొక్క బళ్లారి జిల్లాలోనివే. ఆనాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఆంధ్రరాష్ట్రమునకును, సిరుగుప్ప మైసూరునకును చెందినవి. నేల చీలినది గాని పని చీలలేదు. కూలి నిర్ణయించు ప్రభుత్వములు మాత్రము రెండయినవి.

గ్రామీణ ఉపాధి పథకము క్రింద 2025-26 సంవత్సరమునకు కర్ణాటకమున దినమునకు 370 రూపాయలు, ఆంధ్రప్రదేశమున 307 రూపాయలు ప్రకటింపబడెను. అది కనీస వేతనము కాదు, కేంద్రమువారే నిర్ణయించునట్టిది. ఐనను ఒకే యెండలో, ఒకే నల్లరేగడిలో 63 రూపాయల భేదమేల కలుగవలెనో మాకు బోధపడకున్నది. బియ్యము కొనబోయిన కూలివానికి అంగడివాడు రాష్ట్రమునుబట్టి ధర తగ్గించునా?

1948 నాటి కనీస వేతనముల చట్టము వ్యవసాయమును గూడ చేర్చుకొని, అయిదేండ్లకు మించకుండ రేట్లను పునర్విమర్శింపవలెనని విధించినది. దాని స్థానమున 2019 నాటి వేతనముల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. కేంద్రము నిర్ణయించు కనిష్ఠ పరిమితికి ఏ రాష్ట్రమును తగ్గరాదని ఇందు కలదు. ప్రాంతములనుబట్టి ఆ పరిమితి వేరుగా నుండవచ్చుననియు కలదు. ప్రాంతమనగా రాష్ట్రమనియే యేల యెంచవలెను? తుంగభద్ర ఆయకట్టును, దానినానుకొనిన మెట్టపల్లెలను ఒకే ప్రాంతముగ గ్రహించుటకు శాసనము అడ్డు రాదు.

కూలి పెంచినచో సేద్యము గిట్టదని రైతులందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ముఖ్యముగా కౌలుదారు విషయమున. కాని వరి మద్దతుధర లెక్కలో కూలి వ్యయము చేరియే యున్నది. 2025-26కు సాధారణరకము క్వింటాలునకు 2369 రూపాయలుగ నిర్ణయింపబడెను. ఆ ధర కల్లమున దక్కనిచో రైతు అడుగవలసినది కొనుగోలు కేంద్రమును గాని, కూలివారి కడుపుకోతను గాదు.

ఇంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. నాట్లు దినకూలికిగాక ఎకరమునకింతయని గుత్తకు కుదుర్చుకొనుట పలుచోట్ల వాడుక. గుత్త సొమ్మును ముఠాలోని స్త్రీలు పంచుకొందురు. ఆ పంపకమున దినమునకెంత పడినదో చూచు అధికారి యెవడు? దినకూలి రేటును ఎంత పెంచినను, గుత్తకు పోయిన చేతికది అందునన్న భరోసా లేదు. పనిని కొలిచి యిచ్చు కూలికిని కనీస రేటు నిర్ణయించు అధికారము 1948 చట్టముననే యుండెను. క్రొత్త స్మృతియందును ఉన్నది. కావున నాట్లకు, కలుపునకు, కోతకు ఎకరపు రేట్లను ఉభయ ప్రభుత్వములును కూడి నిర్ణయించి, నాట్లకు ముందుగనే సరిహద్దు పంచాయతీల గోడలపై తెలుగునను కన్నడమునను వ్రాయింపవలెనని మా కోరిక.