మా గూడెం కూడా డాక్టర్లకు బడే

మేము టీచరు ట్రైనింగు చదివిన రోజుల్లో మాకు పాఠం చెప్పడం నేర్పింది కాలేజీ నల్లబల్ల కాదు. పల్లె బడికి పంపి పిల్లల ముందు నిలబెట్టారు. లెక్చరరు వెనక బెంచీలో కూర్చుని మా తప్పులన్నీ రాసుకున్నారు. పిల్లాడు బడికి రాకపోతే ఇంటికి పోయి కనుక్కోమన్నారు. ఆ తర్వాతనే డిప్లొమా.

మరి ఇంటిల్లిపాదికీ వైద్యం చేయాల్సిన డాక్టరు ఎక్కడ తయారవుతున్నాడు?

ఫ్యామిలీ మెడిసిన్ అని ఒక పీజీ చదువుంది. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు. జనరల్ మెడిసిన్, పిల్లల వార్డు, కాన్పుల వార్డు, సర్జరీ, అన్నీ తిప్పుతారు. మంచిదే. కానీ ఆ వార్డుకు రోగి ఒక్కడే వస్తాడు. అతని ఇల్లు వెంట రాదు.

2020లో పీజీ డాక్టర్లకు మూడు నెలల జిల్లా రెసిడెన్సీ అని నిబంధన తెచ్చారు. అది కూడా జిల్లా ఆసుపత్రి గేటు దగ్గరే ఆగింది. మామూలు టీబీకి మందు ఆరు నెలలు. కడుపు తొమ్మిది నెలలు. ఈ ట్రైనింగు మూడు నెలలు. తాను మందు మొదలుపెట్టిన మనిషికి నయమైందో లేదో చూడకుండానే డాక్టరు వెళ్ళిపోతాడు.

మా బడి పిల్లవాడి తల్లి ఒకసారి ఆసుపత్రి చీటీ తెచ్చి చదివి చెప్పమంది. మూడు పూటలా అన్నం తిన్నాక మింగాలని ఉంది. ఆ ఇంట్లో అన్నం రెండు పూటలే. రాసిన డాక్టరును మేము తిట్టము. ఆ పొయ్యిని ఆయనకు ఎవరూ చూపించలేదు.

కోసిగి, ఆదోని వైపు వానలు మొహం చాటేస్తే ఇంటికి తాళం వేసి సుగ్గికి పోతారు. గుంటూరు మిరప చేలో ఉన్న మనిషికి ఇక్కడి బిళ్ళలు ఎట్లా అందాలి? నల్లమలలో తేనెకు పోయిన చెంచు తండ్రి రాకపోతే బిడ్డ టీకా సంగతి ఎవరు చూడాలి? తండాలో ముసలవ్వ గోర్ బోలీలో చెప్పుకునే నొప్పి డాక్టరుకు ఎవరు విప్పి చెప్పాలి? ఇవి వైద్యానికి బయటి సంగతులు కావు. ఫ్యామిలీ మెడిసిన్ అంటే ఇదే.

గూడెంలో స్కానింగు కూడా లేదు, అక్కడ ఏం నేర్చుకుంటారు అని అడిగేవాళ్ళున్నారు. నిజమే, పాముకాటుకు విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఎక్కించాలి. ఆ పని అక్కడే నేర్చుకోవాలి. కానీ కాటుపడిన మనిషిని ఏ దారిన, ఎవరి బండి మీద తేవాలో గూడెంలో తిరిగిన డాక్టరుకే తెలుస్తుంది.

2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టరు పథకం మొదలైంది. డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నారు. ఆలోచన మంచిది. అయితే ఫ్యామిలీ డాక్టరన్న పేరు పథకానికి పెడితే చాలదు, ఆ పనిని చదువులో పెట్టాలి.

అందుకే మేము అడుగుతున్నాం. ఫ్యామిలీ మెడిసిన్ చదివే ప్రతి డాక్టరుకూ ఒక గూడెమో తండానో మూడేళ్లకూ అప్పగించండి. నెలనెలా అక్కడికే రానివ్వండి. వెంట ప్రొఫెసరు కూడా రావాలి. మార్కులు వేసే ముందు ఆశా కార్యకర్తనూ, గూడెం పెద్దలనూ అడగాలి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈ మాట గ్రామసభలో రాయించండి. తోటి టీచర్లారా, బైపీసీ మనకెందుకులే అనే ఆడపిల్లకు పక్కన నిలబడండి. వెనక బెంచీలో కూర్చుని డాక్టరు తప్పులు చెప్పే హక్కు మన గూడెం అవ్వకు ఉంది.