చర్మం నిజమే చెబుతుంది... అప్పుడప్పుడూ అబద్ధమూ!

మిరప మంట పుట్టిస్తుంది, కానీ కాల్చదు. పుదీనా చల్లగా అనిపిస్తుంది, కానీ చల్లబరచదు. సున్నం కాలుస్తుంది, కానీ వెంటనే చెప్పదు. వంటింటి వైద్యం ఒంటికి మేలు చేయాలంటే ముందు ఈ గుట్టు తెలియాలి.

సంక్రాంతి వెళ్లిందంటే పల్నాడులో ఏ కల్లం చూసినా ఎరుపే. నరసరావుపేట, గురజాల, మాచర్ల... ఎటు వెళ్లినా గాల్లో ఘాటే. పంట కోయడానికి ఊళ్లోవాళ్లు చాలక కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. పొద్దున్నే చేలో దిగిన ఆడకూలీకి మధ్యాహ్నానికల్లా వేళ్లు చురుక్కుమంటాయి. సాయంత్రానికి అరచేతులు భగభగలాడతాయి. రాత్రి చంటిబిడ్డను ఎత్తుకోవాలన్నా భయమే. ఆ చెయ్యి బిడ్డ కంటికి తగిలితే?

ఈ మంటకు కూలీలకు తెలిసిన వైద్యం ఒకటుంది. చేతులకు కొబ్బరి నూనె పట్టించడం. కొందరు పెరుగులోనో మజ్జిగలోనో చేతులు ముంచుతారు. చూసేవాళ్లకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కానీ ఇందులో సైన్సు ఉంది.

ఘాటు వెనక గుట్టు

మిరపకాయకు ఘాటునిచ్చేది క్యాప్సైసిన్ అనే పదార్థం. ఇది నీళ్లలో దాదాపుగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా మంట మళ్లీ మొదటికొస్తుంది. నూనె అయితే దాన్ని తనలో కలుపుకుని చర్మం మీద నుంచి తీసేస్తుంది. మిరపకాయలు ఒలిచినవాళ్ల చేతిమంటకు అమెరికా డాక్టర్లు 'హునాన్ హ్యాండ్' అని పేరు పెట్టారు. చైనాలో కారానికి పేరుపడ్డ రాష్ట్రం హునాన్. 1987లో వాళ్లు చన్నీళ్లనూ వంటనూనెనూ పోల్చిచూస్తే చివరికి నూనే మేలని తేలింది. పల్నాటి కూలీలకు ఆ సంగతి ఏ పత్రికా చదవకుండానే తెలుసు!

అయితే నూనె రాసి వదిలేస్తే పని సగమే అయినట్టు. రాసిన నూనెను పాతగుడ్డతో తుడిచేయాలి. ఆ తర్వాత సబ్బుతో కడగాలి. అవసరమైతే మళ్లీ ఒకసారి. గోళ్ల సందులు మరవకూడదు. ఆ తర్వాతే బిడ్డను తాకాలి.

ఇంకో సంగతి. రోజంతా అలిసిపోయి వచ్చి రాత్రి వేణ్నీళ్లు పోసుకుంటే మంట రెట్టింపవుతుంది. ఎందుకని? దానికి జవాబు 1997లో దొరికింది. మన చర్మంలోని నరాల కొసల్లో వేడిని పసిగట్టే ఒక తలుపు ఉంటుంది. దాదాపు 43 డిగ్రీల దగ్గర అది తెరుచుకుని 'కాలుతోంది' అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకునేది ఆ తలుపే! అంటే మిరప మంటా, నిప్పు మంటా మెదడుకు ఒకే దారిలో చేరతాయి. కారం తగిలిన చేతిమీద వేణ్నీళ్లు పడితే ఒకే తలుపును ఇద్దరు తోసినట్టే. దీన్ని కనిపెట్టిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్. ఒత్తిడిని, తాకిడిని పసిగట్టే తలుపుల గుట్టు విప్పిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి ఆయన 2021లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

కాబట్టి మిరప మంట చాలావరకు నరాలు వేసే కేకే తప్ప నిజంగా కాలడం కాదు. ఎక్కువసేపు తగిలితే చర్మం కందుతుంది, ఎప్పుడో పొక్కులూ రావచ్చు. ఇదే క్యాప్సైసిన్‌ను లేపనంగా రాసి రాసి నరాలను అలసిపోయేలా చేసి, సర్పి తగ్గాక మిగిలిపోయే నొప్పికి మందుగా కూడా వాడుతున్నారు.

చలవ అనిపించడం వేరు, చల్లబడడం వేరు

ఎండాకాలం పల్నాడు పేరు చెబితే రెంటచింతలే గుర్తొస్తుంది. 45 డిగ్రీలు దాటిన రోజుల్లో రాష్ట్రమంతా ఆ ఊరి పేరే వార్తల్లో. వీపు నిండా చెమటకాయలు. ఇంట్లో ఉన్నవన్నీ బయటికొస్తాయి... గంధం, ముంజల నీళ్లు, పుదీనా రసం, చలవ పౌడరు.

వీటిలో ఏది నిజంగా చల్లబరుస్తుంది? పుదీనాలోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే ఇంకో తలుపును తెరుస్తుంది. ఆ తలుపు సంగతి 2002లో బయటపడింది. ఒంటి వేడి తగ్గదు, తగ్గినట్టు అనిపిస్తుంది. అంతే. 'హమ్మయ్య, చల్లబడింది' అనుకుని ఎండలోకి మళ్లీ వెళితే వడదెబ్బ మాత్రం వదలదు.

వట్టివేరు తడికల దారి వేరు. కిటికీకి కట్టి నీళ్లు చల్లితే ఆ తడి ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తుంది. ఇది నిజమైన చల్లదనం. ఆ పైన వచ్చే మట్టివాసన మనసుకు చలవ. వాసన కబురు మెదడులో జ్ఞాపకాలకూ ఉద్వేగాలకూ సంబంధించిన భాగాలకు దగ్గరి దారిలో చేరుతుంది. వట్టివేరు వాసన రాగానే చిన్నప్పటి వేసవి సెలవులు గుర్తుకొచ్చేది అందుకే.

చెమటకాయలు చెమట గొట్టాలు మూసుకుపోవడం వల్ల వస్తాయి. వాటిమీద తడిగుడ్డ వేసినా, ముంజల నీళ్లు రాసినా చర్మం చల్లబడి చెమట తగ్గుతుంది, గొట్టాలకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. నూనె, చిక్కటి క్రీములు, గుప్పెళ్లకొద్దీ పౌడరు మాత్రం వద్దు. మూసుకున్న దారిని ఇంకా మూసేస్తాయి. పలచటి నూలు బట్టలు, గాలి తగిలే చోటు... వీటిని మించిన మందు లేదు.

నలుగులో అన్నీ ఉన్నాయి

పెళ్లిళ్లలో నలుగు పెట్టడం చూడండి. పసుపు రంగు కంటికి, గంధం వాసన ముక్కుకు, పేరంటాళ్ల పాట చెవికి, అత్తల చేతులు ఒంటికి. తోలు మీద ఉన్న మట్టిని వదిలించడానికి ఇంత హంగామా ఎందుకనిపిస్తుంది. కానీ ఆ చేతి స్పర్శ ఉత్తుత్తిది కాదు. చర్మంలో మెల్లటి నిమురుడుకు మాత్రమే బాగా స్పందించే సన్నని నరాలు ఉన్నాయని స్వీడన్ పరిశోధకులు గుర్తించారు. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి హాయి అనే కబురు పంపుతాయి. బిడ్డను జోకొడుతూ అమ్మ వీపు నిమిరే వేగం దాదాపు అదే.

అందుకే నలుగైనా, పసిబిడ్డకు నూనె మర్దనా అయినా మెల్లగా సాగాలి. సున్నిపిండితో గట్టిగా రుద్ది నూగు రాలగొట్టాలనుకోవడం పొరపాటు. పసివాళ్ల చర్మం పలచన. కొబ్బరి నూనె చాలు. ఎర్రబడేలా రుద్దితే పైపొర దెబ్బతిని పొడిబారుతుంది, దురద మొదలవుతుంది.

ఇక పసుపు. గాయాలు మానడానికి పసుపు వాడకం తమ ఆవిష్కారమని 1995లో అమెరికాలో మిసిసిపి యూనివర్సిటీ పరిశోధకులు పేటెంటు తీసుకున్నారు. మన సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి వైద్యపత్రిక వ్యాసం చూపించి పోరాడితే 1997లో అది రద్దయింది. మన అమ్మమ్మల వైద్యానికి దక్కిన గెలుపది. కానీ ఒక తిరకాసు. అమ్మమ్మలు వాడింది కొమ్ములు దంచిన పసుపు. విడిగా అమ్మే పొడిలో రంగులు కలిసే ప్రమాదం ఉంది. ఒంటికి వాడాలనుకుంటే కొమ్ములు కొని పట్టించుకోవడమే మంచిది. తెరిచిన పుండు మీద, లోతు గాయం మీద ఏ పొడీ చల్లకూడదు.

ఆలస్యంగా చెప్పే మంట

పిడుగురాళ్ల అంటే సున్నం. బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకు కాల్చిన సున్నం చెమటతడి తగిలితే ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. తడి సున్నంతో, సిమెంటుతో ఇంకో ప్రమాదం ఉంది. చేతికి సబ్బులా జారుడుగా తగులుతుంది తప్ప మొదట నొప్పి తెలియదు. గంటల తర్వాత చూస్తే పుండు! చర్మం ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది.

పొడి సున్నం పడితే ముందు పొడిగుడ్డతో దులిపేయాలి. ఆ తర్వాత కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. విరుగుడని నిమ్మరసం పిండడం, నూనె రాయడం వద్దు. కంట్లో పడితే నీళ్లు పోస్తూనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

దురద తగ్గడం కూడా అబద్ధమే కావచ్చు. తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే చాలా క్రీముల్లో స్టిరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద మాయం. లోపల బూజు మాత్రం హాయిగా పెరుగుతూ ఉంటుంది. క్రీము ఆపగానే రూపాయంత మచ్చ అరచేయంత అవుతుంది.

అసలు ఏమీ చెప్పకపోతే?

అన్నింటికన్నా భయపడాల్సింది మంటకు కాదు, దురదకు కాదు. మౌనానికి!

ఒంటిమీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే ఊళ్లలో శోభి అనుకుని వేపాకు నూరి రాస్తారు. బొల్లి అనుకుని దాచేస్తారు. శోభి మచ్చమీద, బొల్లి మచ్చమీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. కళ్లు మూసుకోమని, దూదిపోగుతో ఆ మచ్చను మెల్లగా తాకించి చూడండి. ఎక్కడ తాకారో వేలితో చూపించలేకపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. అది కుష్ఠు కావచ్చు. జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒకటి కంటే తక్కువ స్థాయికి ఆ వ్యాధి తగ్గిందని 2005 డిసెంబరులో ప్రకటించారు. దాంతో పోయిందనే అనుకున్నారు చాలామంది. పోలేదు. ఇప్పటికీ దేశంలో ఏటా కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఆరు నెలలు, మచ్చలు ఎక్కువైతే పన్నెండు నెలలు వాడితే పూర్తిగా నయమవుతుంది. వేపాకు పసరుతో గడిపిన నెలల్లో పోయేది మాత్రం వేళ్ల స్పర్శ. అది తిరిగి రావడం కష్టం.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలదీ ఇదే కథ. ముల్లు దిగినా తెలియదు. అందుకే నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా రోజూ రాత్రి అరికాళ్లు కళ్లతో చూసుకోవాలి. స్పర్శ చేయలేని పనిని చూపుతో చేయించాలి.

ఇవి గుర్తుంచుకోండి

* కొత్త లేపనం ఏదైనా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు ఆగి చూడండి. ఆకు పసరైనా సరే, అంగడి క్రీమైనా సరే.

* నల్లజీడి, పచ్చి వెల్లుల్లి ముద్ద ఒంటికి పట్టించవద్దు. పొక్కులొస్తాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే నల్లమచ్చలు మిగులుతాయి.

* ముక్కిపోయిన వాసన వచ్చే నూనె ఒంటికీ పనికిరాదు. ఘుమఘుమలాడే క్రీమంతా మంచిదీ కాదు. చాలామందికి సువాసన ద్రవ్యాలే పడవు.

* పొలం గట్ల మీద వయ్యారిభామ పీకేటప్పుడు నిండుచేతుల చొక్కా, తొడుగులు తప్పనిసరి. ముఖం, మెడ, మోచేతుల మడతల్లో దురద మొదలైతే ఆ మొక్కే కారణం కావచ్చు.

* మిరప మంట పుడితే నూనె రాయవచ్చు. ఉడుకెత్తితే తడిగుడ్డ వేయవచ్చు. మొద్దుబారితే మాత్రం ఇంటి వైద్యం లేదు, డాక్టరే!