అగ్గిపుల్లకు ఆహుతి ఎందుకు?

కేసీ కాలువ కింద కోత మిషన్ వెళ్లిపోయాక నంద్యాల, ఆళ్లగడ్డ వరి పొలాల్లో మిగిలేవి గడ్డి వరుసలు. తర్వాత పని అగ్గిపుల్లది. పత్తికంపదీ అదే గతి. టన్ను వరిగడ్డిలో దాదాపు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయని అంచనా. మంట పెడితే నత్రజని దాదాపు అంతా పొగే. మరునెల అదే రైతు యూరియా కోసం వరుసలో నిలబడతాడు. పొటాష్‌కైతే దేశమే దిగుమతుల మీద ఆధారపడింది.

సామిల్లు పొట్టు సంగతి వేరు. ఊరికే దొరికింది కదా అని నేరుగా చేలో చల్లితే పైరు పసుపెక్కుతుంది. పొట్టులో నత్రజని కన్నా కర్బనం వందల రెట్లు ఎక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాక్కుంటాయి. అందుకే గడ్డి, కంపతోపాటు పొట్టునూ పేడ, పచ్చిరొట్టతో కలిపి, 30 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండేలా కంపోస్టు కుప్ప వేయాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. కుప్పలో గుచ్చిన ఇనుప కమ్మీ తీస్తే చేయి చురుక్కుమనాలి, చల్లబడితే తిరగేయాలి. ప్లైవుడ్, రంగు వేసిన చెక్కల పొట్టు మాత్రం వద్దే వద్దు.

ఇందులో చాలామట్టుకు మన తాతల పెంటదిబ్బకు తెలిసిన విద్యే. కొరతల్లా కుప్పలో వేసేందుకు పత్తికంపను ముక్కలు చేసే యంత్రమే. చిన్న రైతు దాన్ని కొనలేడు. వచ్చే కోతల్లోపు ప్రభుత్వం రైతు సేవా కేంద్రాల ద్వారా అద్దెకు ఇప్పించాలి. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు రైతు పొలంలోనే కుప్ప వేసి చూపించాలి.