అడ్డం కిటికీలో నిలువు బొమ్మ

అక్క పెళ్లి వీడియోలోంచి అర నిమిషం రీల్ చేద్దామని మీ అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడనుకోండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచాడు. ఫోన్లో నిలువుగా తీసిన వీడియోని అందులో పెట్టాడు. ఇంకేముంది... అటో నల్ల పట్టీ, ఇటో నల్ల పట్టీ, మధ్యలో పెళ్లికూతురు అగ్గిపుల్లంత!

తప్పు వాడిది కాదు. ఈ సాఫ్ట్‌వేర్లు టీవీ కోసం, సినిమా కోసం పుట్టినవి. వాటిలో బొమ్మ చూసుకునే కిటికీ అడ్డంగా, 16:9 కొలతకు దగ్గరగా ఉంటుంది. అందులో 9:16 వీడియో పెడితే మూడో వంతు కూడా నిండదు. కింద టైమ్‌లైన్ మాత్రం తెరకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరుచుకుని ఉంటుంది. అర నిమిషం రీల్‌కి అంత పొడుగు పట్టాలెందుకో! తలంబ్రాల దగ్గర అక్క ముఖం స్పష్టంగా ఉందా, మసకేసిందా అన్నది పోస్టు చేశాక ఫోన్లో చూస్తేగానీ తెలీదు.

2020 జూన్ ఆఖర్లో మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. నిలువు వీడియోల జోరు తగ్గనేలేదు. కంపెనీలూ ఊరుకోలేదు. అడ్డం వీడియోలో మనిషిని వెంటాడుతూ నిలువుగా కత్తిరించే 'ఆటో రీఫ్రేమ్'ని అడోబ్ ప్రీమియర్ ప్రోలో 2019లోనే తెచ్చారు. 2022లో డావిన్చీ రిజాల్వ్ 18.1 నిలువు కొలతలు ఇచ్చింది. కానీ బట్ట కొలత మారితే సరా, కత్తిరించే బల్ల కూడా మారాలి కదా!

ప్రీమియర్‌లో ఆ పని మనమే చేసుకోవచ్చు. 'ప్రోగ్రామ్ మానిటర్' డబ్బాని మౌస్‌తో పట్టుకుని తెర కుడి అంచుకి లాగి వదలండి. పైనుంచి కిందిదాకా స్తంభంలా నిలబడుతుంది. ఎడమవైపు పైన క్లిప్పులు, కింద టైమ్‌లైన్. బొమ్మ ఎత్తు రెట్టింపయితే విస్తీర్ణం నాలుగింతలవుతుంది. విండో మెనూలో 'వర్క్‌స్పేసెస్'కి వెళ్లి ఈ అమరికకో పేరు పెట్టి దాచుకుంటే మళ్లీ మళ్లీ లాగే పనుండదు. ఈమధ్య వెర్షన్లలో 'వర్టికల్' పేరుతో కంపెనీయే ఒక అమరిక ఇస్తోంది. ముందు అది చూసి, నచ్చకపోతేనే లాగండి.

ఇంకో తిరకాసుంది. వధూవరుల పేర్లు అందంగా అడుగున రాస్తారా... ఫోన్లో సరిగ్గా అక్కడే ఖాతా పేరు, క్యాప్షన్ వచ్చి కూర్చుంటాయి. కుడివైపు లైకు, కామెంటు, షేరు బొమ్మలు. సాఫ్ట్‌వేర్‌లోని పాత 'సేఫ్ మార్జిన్' గీతలు టీవీ లెక్కవి, వీటి సంగతి వాటికి తెలీదు. నన్నడిగితే, అన్నిటికన్నా ముందు సరిచేయాల్సింది ఇదే.

అప్పటిదాకా ఓ చిట్కా. ఫోన్లో ఏదైనా రీల్‌ని స్క్రీన్‌షాట్ తీసి, టైమ్‌లైన్‌లో అన్నిటికన్నా పై వరుసలో పెట్టి, 'ఒపాసిటీ' సగానికి తగ్గించండి. కింద మీ వీడియో, పైన ఆ బొమ్మలూ రెండూ కనిపిస్తాయి. ఫోన్ తెర కాస్త పొడుగెక్కువ కాబట్టి అటూ ఇటూగా సరిపోతుంది. పేర్లు ఎక్కడ రాయాలో తేలాక ఆ వరుస తీసేయండి. లేదంటే అక్క పెళ్లి రీల్లో వేరేవాళ్ల లైకులు కనిపిస్తాయి!