పూరేడుకు గట్టు మిగలాలి

బందరు, గుడివాడ, దివిసీమల్లో పూరేడు పిట్టల మాట వస్తే చర్చంతా వలలు, ఉచ్చుల దగ్గరే ఆగిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పూరేళ్ళను పట్టడం నేరం. దాన్ని గట్టిగా అమలు చేయాల్సిందే. అయితే వల తప్పించుకున్న పిట్ట గుడ్లు ఎక్కడ పెట్టాలి?

కోరమండల్ తీరం పేరును తన శాస్త్రీయ నామంలోనే మోస్తున్న వాన పూరేడు, వానాకాలంలో గడ్డి దుబ్బు చాటున నేల మీదే గుడ్లు పెడుతుంది. పెద్ద పిట్టలు గింజలతో గడుపుకోగలవు. పిల్లలకు తొలి రోజుల్లో పురుగులు దొరకాలి. డెల్టాలో గడ్డీ పురుగులూ ఉండేది చేల గట్లు, కాలవ కట్టలు, బీళ్ళలోనే. గుడివాడ, కైకలూరు వైపు ఎన్నో వరి చేలు చేపల చెరువులయ్యాయి, గడ్డి గట్లూ వాటితోపాటే పోయాయి. వరి మిగిలిన చోట గట్టు మీద కొడవలి బదులు కలుపు మందు వచ్చింది. దివిసీమలో కోతకు ముందే వరిలో మినుము చల్లుతారు. మిగులు తేమతో, మంచుతో ఎదిగే ఆ చేలు చలికాలపు వలస పూరేళ్ళకూ ఆసరా. మారుకా పురుగు పడితే రైతు మందు కొట్టక తప్పదు, అందుకు ఆయన్ను తప్పుపట్టకూడదు. కానీ ఆ మందు గట్టు దాకా ఎందుకు పోవాలి?

ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో డిక్ పాట్స్ 1968లో మొదలుపెట్టిన అధ్యయనం ఈ ముడి విప్పింది. కలుపు మందులతో మొక్కలు, వాటితో పురుగులు పోయి పూరేడుకు బంధువైన పార్ట్రిజ్ పిట్టల పిల్లలు ఆకలితో చచ్చిపోతున్నాయని తేలింది. చేను అంచున కొన్ని మీటర్లు మందు తగ్గిస్తే ఎక్కువ పిల్లలు బతికాయి. అమెరికాలోని జార్జియా, ఫ్లోరిడా సరిహద్దు ఎస్టేట్లలో 1924లో హెర్బర్ట్ స్టోడార్డ్ చేపట్టిన పూరేడు పరిశోధనకు డబ్బు పెట్టింది వేటగాళ్ళే. వాళ్ళ వేట మనకు అక్కర్లేదు. నేలను చూసుకుంటేనే పిట్ట ఉంటుందన్న వాళ్ళ పట్టుదల కావాలి.

హోటళ్ళలో వడ్డించే కౌజు 1974లో ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చిన జపాన్ జాతి. పెంపకం అడవి పిట్ట మీద ఒత్తిడి తగ్గించగలదు, ఫారం పిట్ట పేరుతో అడవి పిట్టను అమ్మనీయకపోతేనే. ఫారం పిట్టలను చేలలో వదిలితే సంఖ్య పెరుగుతుందనుకోవడం మాత్రం ప్రమాదం. ఐరోపాలో అవి అడవి పూరేళ్ళతో కలిసి సంకరమయ్యాయి.

ఏటా జనవరిలో నీటి పక్షుల గణన జరుగుతుంది. నేల మీద తిరిగే పూరేడు దాని లెక్కలోకి రాదు. వానాకాలంలో తెల్లవారుజామున మగ పిట్టల కూతలు వింటూ లెక్కకట్టవచ్చు, అది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఘంటసాల, మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానాలు కొన్ని చేల గట్లను రెండేళ్ళపాటు మందు లేకుండా వదిలి, పక్క చేలతో పోల్చి చూడాలి. కూతలు, పురుగులతోపాటు దిగుబడినీ కొలవాలి. రైతుకు ఒక్క బస్తా తగ్గినా ఆ నష్టాన్ని ప్రభుత్వం భరించాలి.