వలదను హక్కు

అక్టోబరు మాసము వచ్చినదనిన, దేశదేశములయందలి చిత్రలేఖనాభిలాషులు ముప్పదియొక్క మాటల పట్టిక నొకదానిని ముందుంచుకొని, దినమున కొక్క మాటచొప్పున తగిన బొమ్మను నాడే గీసి, ఇంటర్నెట్ ద్వారమున నాడే నలుగురికిని చూపుట యాచారమైనది. జేక్ పార్కర్ అను అమెరికా చిత్రకారుడు, సిరాతో గీయుటయందు తన చేతికి సాధన కావలెనని 2009లో తనకై పెట్టుకొన్న నియమ మిది. సిరాను మాసమునకు ముడివైచి దీనికి ఇంక్‌టోబర్ అని పేరిడిరి. నేడు సిరా పట్టనివారును ఇందు చేరియున్నారు. టాబ్లెట్ పలకమీదను, సెల్‌ఫోను అద్దముమీదను వ్రేలితో గీయు గుమాస్తాలు, ఉపాధ్యాయినులు, విద్యార్థులు, గృహిణులు ఇట్టి పట్టికలను ఏడాది పొడుగునను వెదకికొనుచున్నారు. ఆ మాటకు ప్రాంప్ట్ అని పేరు.

మన పాఠకులకు ఇది క్రొత్తగా తోపదు. అవధానసభయందు పృచ్ఛకుడు నాలుగు మాట లిచ్చి వానితో పద్యము చెప్పుమనును, అది దత్తపది. ఒక్క పాద మిచ్చి తక్కినవి పూరింపుమనును, అది సమస్య. తిరుపతి వేంకట కవులు ఊరూర సభలు జరిపిన పిమ్మట అవధానము చేయవలెనను ఉత్సాహము తెలుగునాట నెందరినో పట్టుకొన్నది. వారందఱును మహాకవులైరా యని యడుగుట వెఱ్ఱి ప్రశ్న. ఎదుట ఖాళీ కాగితమున్నపుడు “ఏమి గీయుదును?” అను బెంగయే సగము చేతులను కట్టివైచును. ఒక్క మాట ఇచ్చినచో ఆ బెంగ తీరును, చేయి కదలును. నూఱు చేతులు ఒకే మాటను పట్టుకొన్నపుడు, “గొడుగు” అన్న మాటకు ఒకడు వానను, ఒకడు తాతను, ఒకడు పుట్టగొడుగును గీసినపుడు, పక్కవాని బొమ్మ చూచి నేర్చుకొనుట కంటె మంచిబడి వేఱు లేదు.

పొట్టకూటికి రాని గీతలనియు, మెప్పుకై ప్రాకులాటయనియు ఈసడించువారు కలరు. మెప్పు కోరనివా డెవ్వడు? ఈ వ్యాసమును మెప్పు కోరకయే వ్రాయుచున్నామని మేమును ప్రమాణము చేయజాలము.

చట్టము మాత్రము ఈ గీతలను ఈసడింపలేదు. 1957 నాటి కాపీరైటు చట్టము చిత్రమునకు కళాగుణ మున్నను లేకున్నను అది కళాకృతియే యన్నది. చట్టము వ్రాయువారు ఇంత యుదారముగా మాటాడుట మా వృత్తిలో మే మరుదుగా చూచితిమి. దరఖాస్తు అక్కరలేదు, రిజిస్టరు అక్కరలేదు. గీసినంతనే హక్కు గీసినవానిది. అతని జీవితకాలమును, తదుపరి అరువది యేండ్లును అది నిలుచును.

ఇట్టి హక్కునకు వచ్చిన యాపద వినుడు. జర్మనీ దేశపు లాయన్ సంస్థ 2022లో ఇంటర్నెట్టు నుండి సుమారు 585 కోట్ల చిత్రముల జాడలను, వాని వివరణలతో గూర్చి ప్రకటించినది. ఆ రాశిలోని భాగములతో నేర్పబడిన స్టేబుల్ డిఫ్యూజన్ అను యంత్రము ఆ యేటనే ఆగస్టులో వెలువడినది. కోరిన మాట టైపుచేసిన క్షణములలో బొమ్మ నిచ్చును. ఆ మాటకును ప్రాంప్ట్ అనియే పేరు! ఒకచోట మాట మనుష్యుని చేతిని కదలించును. రెండవచోట ఆ చేతిని వలదని త్రోసివైచును. ఆ రాశిలో వృత్తిచిత్రకారుల పనియే కాదు, వినోదమునకై గీసి పంచుకొన్నవారి పనియు కలసియున్నది. వారి నడిగినవారు లేరు. 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు వ్యాజ్యము వేసిరి.

మన దేశమున 2025 డిసెంబరులో, కేంద్రప్రభుత్వపు పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ ఈ విషయమున నొక పత్రమును ప్రకటించి ప్రజాభిప్రాయము కోరినది. దాని సూచన నిర్బంధానుమతి. అనగా యంత్రము నడుపు కంపెనీ కర్త ననుమతి యడుగ నక్కరలేదు. రాబడిలో కొంత చెల్లించిన చాలును. ఒక సంస్థ వసూలుచేసి పంచును. కర్తకు వలదను అధికారము లేదు.

వృత్తిచే బ్రదుకువారికి ఇందు కొంత మేలుండవచ్చును. వారి తగవు కూలికై కావున కూలి వచ్చిన కొంత తీరును. కాని వినోదమునకై గీసినవాని మాట యేమి? అతడు డబ్బు కోరలేదు. ఊరకయే యిచ్చినాడు, తోడివారు చూచుటకు. పంచిపెట్టిన సొమ్ములో అతని పాలు ఏడాది కెన్ని పైసలగునో, దానికై ఎన్ని కాగితములు నింపవలయునో యూహించుకొనుడు. డబ్బు వద్దన్నవాని చేతిలో మిగిలిన ఆస్తి యొక్కటే: “ఇందులకు ఇచ్చితిని, అందులకు ఈయలేదు” అను మాట. ఆ మాటను తీసివైచి పైసలు చేత బెట్టుట పరిహార మనిపించుకొనదు. తోటలో పూలు బాటసారులు వాసన చూడ వచ్చునన్నంత మాత్రమున అత్తరు వర్తకుడు బండి తోలుకొని రావచ్చునా?

కావున ఆ సూచన చట్టమగునేని, వలదనువానికి వలదను హక్కు అందు స్పష్టముగా నుండవలయునని మా దృఢాభిప్రాయము. వలదన్న గుర్తు చిత్రముతోనే యుండవలయును. దానిని దాటినవానికి దండన యుండవలయును.

ఇంతలో గీయుట మానవలదు. మూలఫైలును, పొరలు పొరలుగా తేదీతో సహా, దాచుకొనుడు. నాది యన్నదానికి రేపు న్యాయస్థానమున సాక్ష్య మదియే. బొమ్మను పెట్టుచోటి నిబంధనలను ఒక్కసారి చదువుడు; చదువక అంగీకార మొత్తువారిలో న్యాయవాదులును కలరని మేము సిగ్గుపడి యొప్పుకొనుచున్నాము.