పెరటి కోడి చెప్పే సాక్ష్యము

2025 ఫిబ్రవరిలో తూర్పుగోదావరి జిల్లా కానూరులోను, పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరులోను కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినదని తేలినపుడు, మనలో చాలామంది కోడికూర మానేశారు. కొంతకాలానికి భయము పోయింది, కూర తిరిగి వచ్చింది. కోడిని కోసిన కత్తిని, చేతులను కడుగుకొనే తీరు మాత్రము మారలేదు. నా బాధ అదే.

బర్డ్ ఫ్లూ వస్తే కోళ్ళు గుట్టలుగా చనిపోతాయి కనుక అందరికీ తెలుస్తుంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అలా కాదు. అది సోకిన కోడి సాధారణముగా ఆరోగ్యముగానే తిరుగుతుంది, గుడ్లు పెడుతుంది.

పక్షులలోని పరాన్నజీవులన్నీ మనకు సోకవు. కోళ్ళ పేగులలోని ఏలికపాములు, కోడిపిల్లలకు నెత్తుటి విరేచనాలు కలిగించే కాక్సిడియా క్రిములు మనుషులను బాధించవు. టాక్సోప్లాస్మా మాత్రము పక్షులకు, పశువులకు, మనుషులకు కూడ సోకుతుంది. దీని మూలస్థానము పిల్లి పేగులు. పిల్లి మలముతో వెలువడిన క్రిమికోశాలు తేమ గల నేలలో ఏడాదికి పైగా బ్రతుకగలవు. నేలను గీరి గింజలేరుకొనే నాటుకోడి వాటిని మింగుతుంది. అందువలననే శాస్త్రజ్ఞులు పెరటి కోళ్ళ రక్తాన్ని పరీక్షించి, ఆ ఊరి మట్టి ఎంత కలుషితమైనదో అంచనా వేస్తారు. అనేక దేశాలలో, మన దేశములో కూడ, పెరటి కోళ్ళలో ఈ క్రిమి కనబడింది. పావురాలు, కాకులు, పిచ్చుకలు కూడ దీనికి అతీతము కావు. మట్టి తగలకుండ షెడ్డులలో పెరిగే ఫారం కోళ్ళలో ఇది తక్కువ. నాటుకోడి అన్నివిధాల శ్రేష్ఠమనే మన నమ్మకానికి ఇదొక చిన్న సవరణ.

ఆరోగ్యవంతులకు ఈ క్రిమి వలన చాలవరకు ఏ బాధా కలుగదు. కాని గర్భిణికి మొదటిసారిగా సోకితే గర్భస్రావము జరుగవచ్చును. శిశువు కళ్ళు, మెదడు దెబ్బతినవచ్చును.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు పెరటి కోడిని కోసి పెట్టడము మన కోనసీమ, డెల్టా పల్లెలలో ప్రేమకు గుర్తు. దానిని వద్దనను. ముక్క లోపలి వేడి 67 డిగ్రీల సెల్సియస్ చేరితే ఈ క్రిమి చనిపోతుంది. బాగా ఉడికిన మన కూర ఆ హద్దును ఎప్పుడో దాటుతుంది. ప్రమాదమున్నది పొయ్యి ఎక్కక ముందే. కోడిని శుభ్రము చేసే పనిని గర్భిణికి అప్పగించకండి. మాంసము కోసిన కత్తిపీటను సబ్బుతో కడుగకుండ దానిపై కీరదోస, ఉల్లిపాయ తరగకండి. పెరటి మట్టిలో చేయి పెడితే, అన్నానికి ముందు సబ్బుతో కడుగుకోండి. పిల్లి మలము ఎత్తే పని మరొకరు చూడండి. సంక్రాంతి బరుల వద్ద నిప్పులపై కాల్చిన మాంసము పైన మాడి లోపల పచ్చిగా ఉంటే, అది ఎవరికీ మంచిది కాదు.

ప్రభుత్వ వైద్యునిగా ఎందరో గర్భిణులకు ఇనుము మాత్రలు వ్రాశాను. ఈ నాలుగు మాటలు మాత్రము చెప్పలేదు. రద్దీలో తీరిక లేదన్నది సాకే. చెప్పడానికి ఒక నిమిషము చాలును. ఇప్పటి వైద్యులు, ఆశా కార్యకర్తలు ఆ నిమిషము కేటాయించాలని నా మనవి. మీ ఇంట గర్భిణి ఉంటే వారి కోసము ఎదురుచూడకండి; ఈ రోజే మీరు చెప్పండి.